సంఘం నీలం

నాన్న జ్ఞాపకార్థ ప్రార్థనకు ఇంకా పది రోజులు ఉందనగా అమ్మ నాకొక పని అప్పజెప్పింది. నేను అన్నం పళ్లెం ముందు కూర్చొని ఉన్నాను, పారిపోయే వీలు లేదు.

"ఈసారి అయ్యగారిని పిలువకు. ప్రార్థన నువ్వే చెయ్యి."

"నేనా?"

"మరి పక్కింటాయనా? కొడుకువు నువ్వున్నవ్ గద."

నాన్న పోయి ఎనిమిదేళ్లు. ప్రతి ఏడూ ఆ రోజు సాయంత్రం మెట్టుగూడలో మా ఇంటి ముందుగదిలో పదిహేను ఇరవై మంది చేరతారు. పాస్టరు అయ్యగారు వచ్చి రెండు పాటలు పాడించి, వాక్యం చదివి, ప్రార్థన చేస్తారు. తర్వాత బగారన్నం, కోడికూర. ఇన్నాళ్లూ నా వంతు కుర్చీలు అద్దెకు తేవడం, ఆ కుర్చీలవాడితో బేరమాడడం, అయ్యగారు కళ్లు మూసుకున్నప్పుడు నేనూ మూసుకోవడం.

"సరే" అన్నాను. నోటితో అయ్యే పనే కదా అనుకున్నాను. నోరే నా పెట్టుబడి. సికింద్రాబాద్ పాత బజారులో మాది మ్యాచింగ్ సెంటరు. జాకెట్టు ముక్కలు, లైనింగులు, ఫాల్స్, లంగాలు అమ్ముతాం. చీర సంచిలో పెట్టుకొని వచ్చిన మనిషి ముందు బట్ట తాను మీద తాను విప్పి, నప్పేదాన్ని చూపించి, అది లేకపోతే నప్పనిదాన్నే నప్పుతుందని నమ్మించి పంపడం చిన్నప్పటినుంచీ నేర్చిన విద్య. ఇంతమంది ఆడవాళ్లను ఒప్పించినవాడికి దేవుడితో నాలుగు మాటలు మాట్లాడడం ఎంతసేపు!

మర్నాడు మధ్యాహ్నం గిరాకీ లేని వేళ చూసి, కౌంటరు వెనక స్టూలు మీద కూర్చొని కళ్లు మూసుకున్నాను.

"ప్రభువా" అన్నాను. తర్వాత ఏమీ రాలేదు.

మళ్లీ మొదలుపెట్టాను. "ప్రేమగల తండ్రీ, నీ దాసుణ్ణి మా మధ్య ఉంచినందుకు..." అది నా గొంతు కాదు. ఆ సాగదీత, ఆ ఆగడం, అంతా అయ్యగారిది. ఆపేశాను.

మూడోసారి మాటలు వాటంతటవే వచ్చాయి. "ప్రభువా, ఆ గురువారం ప్రార్థన నాడు జెర నా పరువు కాపాడు. వచ్చే నెల నుంచి రెండు ఆదివారాలు తప్పకుండా వస్తా."

కళ్లు తెరిచాను. బేరం! అదీ తక్కువలో మొదలుపెట్టాను. ఆయన నాలుగు ఆదివారాలు అంటే మూడింటికి తెంపుదామని లోపల లెక్క కూడా సిద్ధంగా ఉంది.

ముందు నవ్వొచ్చింది. తర్వాత కొంచెం భయం వేసింది. ఆ తర్వాత, ఉన్నమాట చెప్పాలంటే, చిత్రంగా ఒక కుతూహలం పట్టుకుంది. ఇది నా దగ్గర ఉండేది. ఏడేళ్లప్పుడు ప్రార్థన చెయ్యమంటే పక్కింటి మేక కాలునొప్పి దాకా చేసేవాణ్ణి. ఇరవై ఏళ్లప్పుడు యువజన కూటంలో నేను మొదలుపెడితే వెనకనుంచి దగ్గి ఆపించేవాళ్లు. ఆ మనిషి ఎక్కడికి పోయాడు? ఏ రోజున పోయాడు? నేను దేవుడితో పోట్లాడలేదు. నమ్మకం లేదని ఎవరితోనూ అనలేదు. తాగుడు లేదు, పేకాట లేదు. సంఘం పుస్తకంలో నా పేరు ఇప్పటికీ ఉంది. దుకాణంలోంచి ఒక గుండీ పోతే సాయంత్రానికి కనిపెట్టే నేను, ఇంత పెద్దది పోతే ఎప్పుడు పోయిందో కూడా చెప్పలేకపోతున్నాను.

సరే, వెతుకుదాం అనుకున్నాను.

మొదట షట్టరు గుర్తొచ్చింది. మా బజారులో ఆదివారమంటే గిరాకీ రోజు. అయినా నాన్న ఆదివారం షట్టరు ఎత్తేవాడు కాదు. పండగ ముందు వచ్చే ఆదివారమైనా సరే, పెళ్లిళ్ల నెలైనా సరే. పక్కన స్టీలు సామాన్ల దుకాణం ఆయన కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు, ఎప్పుడూ అంటుండేవాడు: "మీ నాన్నగారు ఆదివారం షాపు తీసిననాడు నేను గుండు కొట్టించుకుంటానండీ." నాన్న నవ్వి, "మీ జుట్టుకేం భయం లేదు" అనేవాడు.

నాన్న పోయిన ఏడాదే ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఫోనొచ్చింది. పెళ్లికూతురి తల్లి. సాయంత్రం ముహూర్తం, జాకెట్టులో లైనింగు చిరిగింది, టైలరు కూర్చొని ఉన్నాడు. ఫోనులోనే ఏడుస్తోంది. వెళ్లాను. షట్టరు మోకాలి ఎత్తు మాత్రం ఎత్తి, పాక్కుంటూ లోపలికి దూరి, ముక్క చించి ఇచ్చి, మళ్లీ పాక్కుంటూ బయటికొచ్చాను. అందులో తప్పేముంది? ఎన్నిసార్లు తిప్పి చూసినా ఆ రోజు తప్పు చేశానని ఇప్పటికీ అనలేను. మంచి పనే చేశాను. నాకు అర్థం కానిది అదే.

ఆ పాకే సమయంలో ఎదురుగా పోతున్న ఇంకో ఆవిడ చూసింది. "తెరిచినవా అన్నా? ఒక్క ఫాల్ అంతే."

మా బజారులో సగం షట్టరుకు ఒక భాష ఉంది. మోకాలి ఎత్తుంటే, మూసే ఉంది, తెలిసినవాళ్లయితే పిలవండి అని. నడుము ఎత్తుంటే, అడిగితే ఇస్తాం అని. ఛాతీ ఎత్తుంటే, తెరిచే ఉంది కానీ ఎవరి కంటనైనా పడతామేమో అని ఓనరుకు జంకు ఉందని. నేను ఏ ఆదివారమూ దుకాణం తెరవలేదు, ఒట్టు. షట్టరే మెల్లమెల్లగా పైకి పోయింది. మొదట ఆరాధన అయ్యాక వచ్చేవాణ్ణి. తర్వాత చివరి పాటకు ముందే లేచేవాణ్ణి, బండ్లన్నీ ఒకేసారి బయటికొస్తాయి గదా అని. తర్వాత ఆరాధనకు పోయే దారిలో పది నిమిషాలు. ఒకనాడు ఆ పది నిమిషాలు అయ్యేసరికి ఒంటిగంట. ఆనాడు షట్టరు పూర్తిగా పైనే ఉంది.

స్టీలు దుకాణం ఆయన వచ్చి పైకీ కిందికీ చూశాడు. "నేను పందెం కాసింది మీ నాన్నగారి మీద. మీరు తీస్తే లెక్కలోకి రాదు. నా జుట్టు నాదేనండీ" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. టీ తెప్పించాను.

లాక్‌డౌన్‌లో ఆరాధన ఫోనులోకి వచ్చింది. నాలాంటివాడికి అంతకన్నా ఏం కావాలి? ఫోను కౌంటరు మీద నిలబెట్టి తానులు దులుపుతూ వినేవాణ్ణి. గుళ్లు తెరిచారు, ప్రార్థనా మందిరాలు తెరిచారు, నేను మాత్రం ఫోనులోనే ఉండిపోయాను. ప్రసంగాన్ని ఒకటిన్నర వేగంతో వినొచ్చని కనిపెట్టాను. అయ్యగారు చిలకలా గబగబా మాట్లాడేవారు. తర్వాత చివరి దీవెన ఒక్కటి వింటే చాలనిపించింది. తర్వాత పొద్దున్నే సంఘం గ్రూపులో వచ్చే వాక్యానికి రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టడం. వేలు కదిలించడమే నా భక్తి.

ఇంట్లో రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన ఉండేది. నాన్న ఉన్నప్పుడు టీవీ ఆపేవాళ్లం. తర్వాత మ్యూట్ చేసేవాళ్లం. తర్వాత సౌండు తగ్గించేవాళ్లం. ఇప్పుడు అమ్మ వంటింట్లో నిలబడి తనొక్కతే చేసుకుంటుంది, హాల్లో క్రికెట్ నడుస్తుంది.

వీటన్నిటికన్నా నాకు సిగ్గనిపించేది ఇంకొకటి. ధర దగ్గర గిరాకీ మొండికేస్తే నాదొక మాట ఉండేది: "ఆదివారం దుకాణం బంద్ పెట్టి చర్చికి పోయెటోళ్లం అక్కా, మీకు అబద్ధం చెప్తమా?" నాన్న ఎన్నడూ ఈ మాట అనలేదు. ఆయన ఊరికే బంద్ పెట్టేవాడు. ఆయన మూసిన ఆదివారాలను నేను కూర్చొని అమ్ముకున్నాను. ఒకసారి అలవాటులో ఆదివారం నాడే అనేశాను. ఆ అక్క నా మొహం చూసి, వెనక గోడ మీది క్యాలెండరు చూసి అడిగింది: "ఇయ్యాల ఏం వారమన్నా?"

ఆమె అడిగిన ధరకే ఇచ్చేశాను.

ఇదంతా కాగితం మీద రాస్తుంటే మా ఆవిడ టీ తెచ్చి పెట్టింది. "ఏం వెతుకుతున్నారు?"

"ఎప్పుడు పోయిందో తేలట్లేదు."

"ఏంటిది, బీరువా తాళమా?"

"ప్రార్థన."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కాసేపు ఆ కాగితం చదివింది. "మీరు చర్చికి రానని చెప్పిన రోజంటూ ఒకటి ఉంటే ఆ రోజే గొడవ పెట్టుకునేదాన్ని. వారం వారం కొంచెం కొంచెం ఆలస్యంగా వచ్చే మనిషితో ఏమని గొడవ పెట్టుకోను?" అంది. "టీ చల్లారిపోతుంది, తాగండి."

ప్రార్థన గురువారం. ఆ సోమవారం మధ్యాహ్నం టీచరమ్మ దుకాణానికొచ్చింది.

రైల్వే బడిలో పనిచేసి రిటైరయింది. నాకు సండే స్కూల్లో పాఠం చెప్పింది, చెవి మెలేసింది. అమ్మకు స్నేహితురాలు. మా సంఘం ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది: స్త్రీల ఆదివారం నాడు అందరూ తెల్లచీర, నీలం జాకెట్టు. ఆ నీలాన్ని ఎప్పుడో నాన్నే ఆడవాళ్లతో కూర్చొని ఎంపిక చేశాడు. సిరాబుడ్డి రంగు. అప్పటినుంచి ఆ తాను మా దుకాణంలోనే దొరుకుతుంది. మేం దాన్ని సంఘం నీలం అంటాం. ఈ ఏడు స్త్రీల ఆదివారం నాన్న ప్రార్థన అయిన మూడో రోజున వచ్చింది.

"సంఘం నీలం ఒక మీటరు చించురా. నాది చంక కింద పిగిలింది. మీ నాయిన ఇచ్చింది, ఇన్నేండ్లు వచ్చింది" అంటూ సంచిలోంచి పాత జాకెట్టు తీసి కౌంటరు మీద పరిచింది.

నేను తాను తీసి దాని పక్కన దొర్లించాను. ఆమె కళ్లజోడు సర్దుకుంది.

"ఇదేందిరా?"

"సంఘం నీలమే టీచర్."

"ఇది వంకాయ."

ఇలాంటప్పుడు ఏమనాలో మా మ్యాచింగ్ దుకాణాలవాళ్లకు పుట్టుకతో తెలుసు. తప్పెప్పుడూ గిరాకీ తెచ్చిన బట్టదే. "మీది పాతదయింది గద టీచర్. ఎండకు, సబ్బుకు వెలిసింది. కొత్తగున్నప్పుడు ఇట్లనే ఉండె."

"ట్యూబులైటు కింద కథలు చెప్పకు. బయటికి రా."

మ్యాచింగ్ దుకాణాల్లో రంగును లోపలి వెలుగులో చూడకూడదని ఆడవాళ్లందరికీ తెలుసు. గుమ్మం దాటి పగటి వెలుగులో పట్టుకొని చూస్తారు. సరిపోయే ముక్క అయితే నేనే "బయటికి పోయి చూసుకోండి అక్కా" అని గొప్పగా పంపిస్తాను. సరిపోనిదైతే "బయట ఎండ ఎక్కువుంది, కండ్లకు సరిగ కనపడదు" అంటాను. టీచరమ్మ దగ్గర ఆ రెండో మాట నోట్లోనే ఆగిపోయింది.

ఫుట్‌పాత్ మీద ఆటోలు హారన్లు కొడుతుంటే ఆమె పాత జాకెట్టును తిరగేసింది. పిగిలిన చోట కుట్టు విప్పి, లోపలి మడతను వేలితో పైకి తీసింది. ఎండా సబ్బూ ఎన్నడూ తగలని మడత అది. సిరాబుడ్డి రంగు, నిన్న చించినట్టుంది.

"వెలిసిందన్నవ్ గద. లోపట సుత వెలిసిందా?"

స్టీలు దుకాణం ఆయన గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఏమండీ, కోర్టు రోడ్డు మీదికొచ్చిందే! ఎవరు గెలుస్తున్నారు?"

"నువ్వు సుత రా నాయినా, సాక్ష్యం కావాలె" అంది టీచరమ్మ.

ముగ్గురం లోపలికొచ్చాం. నేను ఇనుప బీరువా తెరిచి, నాన్న దాచిన పాత షేడ్ కార్డు తీశాను. అట్టమీద వేలెడు వేలెడు బట్టముక్కలు, ఒక్కో రంగుకు ఒక్కో నంబరు. వెలుతురు తగలకుండా నల్ల గుడ్డలో చుట్టి ఉంది. టీచరమ్మ జాకెట్టు మడతను దాని మీద పెడితే ఎక్కడ ఏది మొదలైందో తెలియలేదు. రెండూ ఒకటే. నా తాను పక్కన పెడితే, వంకాయ.

"ఎవడో రంగులవాడు మోసం చేశాడండీ" అన్నాడు స్టీలు ఆయన నా మీది అభిమానంతో.

మోసం కాదని నాకు తెలుసు. నాన్న కొత్త తాను కావాలంటే ఆ కార్డు చంకన పెట్టుకొని హోల్‌సేల్‌కు తనే పోయేవాడు. అద్దకం ప్రతిసారీ అచ్చు ఒకేలా రాదు, వెంట్రుకవాసి అటో ఇటో పోతుంది. కార్డు పక్కన పెట్టి చూసి, తేడా ఉంటే వద్దని తిరిగొచ్చేవాడు. ఒక్కోసారి మూడు తిరుగుళ్లు. నాకంత ఓపిక లేదు. తాను అయిపోతుంటే చివర్లో వేలెడు ముక్క కత్తిరించి కవర్లో పెట్టి ఏజెంటు చేతికిచ్చేవాణ్ణి. "దీనికి దగ్గరగ ఉన్నది పంపించు." దగ్గరగా ఉన్నది వచ్చేది. ఎంత దగ్గరంటే, ఒకవేళ తేడా ఉందని అంటే ఏజెంటు నన్ను చూసి నవ్వేవాడు.

"ఆ ముక్కలున్నయా?" అంది టీచరమ్మ.

ఉన్నాయి. ఏజెంటు నన్ను మోసం చెయ్యకూడదని ప్రతి ఆర్డరు కాపీకీ ఒక ముక్క పిన్ను కొట్టి దాచేవాణ్ణి. పదకొండు ముక్కలు. కౌంటరు అద్దం మీద వరసగా పరిచాం. ఈ చివర సిరాబుడ్డి, ఆ చివర వంకాయ.

"ఏ ముక్క కాడ తప్పిందో చూపెట్టు" అంది, సండే స్కూల్లో అడిగినట్టే.

నాకూ తెలుసుకోవాలనే ఉంది. వంగి చూశాను.

"ఇదిగో, ఐదోది" అన్నాడు స్టీలు ఆయన.

"నాలుగోదాని పక్కన పెట్టు."

పెట్టాడు. తేడా లేదు. "అయితే ఏడోదండీ." ఆరోదాని పక్కన పెట్టాడు. తేడా లేదు. తలుపు దగ్గరికి పట్టుకుపోయి చూశాం. ఏ ముక్కను పట్టుకున్నా దాని ముందు ముక్కతో అక్కాచెల్లెళ్లలా కలిసిపోతోంది. మొదటిదీ చివరిదీ మాత్రం ఒకరినొకరు ఎరగరు.

"నా వల్ల కాదు టీచర్" అన్నాను. "ఏ ముక్కా తప్పుగ లేదు."

"ముక్కలల్ల ఎందుకుంటదిరా తప్పు? నువ్వు కొత్త తాను వచ్చినప్పుడు దేని పక్కన పెట్టుకొని చూసినవ్?"

"పోయినసారి ముక్క పక్కన."

"మరి కార్డు?"

"బీరువాల ఉండె."

"మంచిగనే దాచినవ్ తీయ్."

 నేనే, ఊరుకోలేని నోరు కదా, చివరి ప్రయత్నం చేశాను. "ఇప్పుడు అందరి దగ్గర ఈ రంగే ఉంది టీచర్. మీరొక్కరు పాతది వేసుకొస్తే మీదే వేరేగ కనిపిస్తది. ఇది తీసుకోండి, ధర తగ్గిస్తా."

అది అబద్ధం కూడా కాదు. అందుకే ఇంకా బాధగా ఉంది.

"కనిపిస్తే కనిపియ్యనీ" అంది ఆమె జాకెట్టు మడత పెడుతూ. "నేను చంక కాడ అతుకేసుకుంట." మెట్టు దిగుతూ వెనక్కి తిరిగింది. "గురువారం వస్తున్న. ప్రార్థన నువ్వే చేస్తున్నవంట గద, మీ అమ్మ చెప్పింది."

ఆ రెండు రోజులు నేను చేసిన పని చెప్పుకోదగ్గది కాదు. ఫోనులో అయ్యగారి పాత వీడియో పెట్టుకొని, ఆయన ఎవరి జ్ఞాపకార్థమో చేసిన ప్రార్థనను కాగితం మీదికి ఎక్కించాను. పేర్లు మార్చుకుంటే సరిపోతుంది. బుధవారం సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తున్నట్టు నటిస్తూ వల్లె వేస్తుంటే మా ఆవిడ వెనక నిలబడి వింది.

"అయ్యగారు మధ్యలో దగ్గుతారు, అది కూడా రాసుకున్నారా?"

గురువారం కుర్చీలు తేవడానికి పోతే, బేరమాడే ఓపిక లేక అతను చెప్పిన ధరకు సరే అన్నాను. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు పాపం, తనే కొంత తగ్గించాడు.

ఆరు గంటలకు ముందుగది నిండింది. పెద్దమ్మ, మేనత్తలు, నాన్న పాత స్నేహితులు ఇద్దరు, టీచరమ్మ. కిటికీ పక్క కుర్చీలో స్టీలు దుకాణం ఆయన, చేతులు కట్టుకొని. అమ్మ పాట ఎత్తుకుంది. గొంతు సన్నబడింది కానీ శ్రుతి తప్పలేదు. మా ఆవిడ వాక్యం చదివింది. తర్వాత అందరూ తలలు వంచారు.

కాగితం చొక్కా జేబులో ఉంది. చెయ్యి అక్కడిదాకా పోయింది.

"ప్రభువా" అన్నాను.

ఆగిపోయాను. ఫ్యాను తిరుగుతోంది. స్టేషను వైపునుంచి రైలు కూత. ఎవరో గొంతు సవరించుకున్నారు. పెద్దమ్మ నాకు సాయంగా "స్తోత్రం" అంది. అదీ అయిపోయింది. జేబులోంచి చెయ్యి తీసేశాను. అంతసేపూ నా కళ్లముందు ఉన్నది కౌంటరు అద్దం, దాని మీద ఆ పదకొండు ముక్కలు.

"ప్రభువా, మా నాయిన నిన్ను ఎరిగిన మనిషి. నేను మా నాయినను ఎరిగిన మనిషిని. ఇప్పుడు నా దగ్గర గంతకన్న ఎక్కువ లేదు. నీ నుంచి ఎప్పుడు దూరం పోయిన్నో పది రోజులు వెతికిన, ఆ రోజు దొరకలే. ఏ వారంకావారం పోయిన వారం లెక్కనే ఉన్న గద అనుకున్న. నీ పక్కన నిలబడి చూసుకోలే. ఇవాళ నేనేం అడగను. అడుగుడు షురూ చేస్తే బేరంల పడత. మా నాయిన కోసం నీకు వందనాలు. నన్ను జెర చూడు. ఆమెన్."

ఎప్పుడు దుకాణం భాషలోకి దిగానో తెలియదు. చివరికి అడగనన్నవాణ్ణి అడిగేశాను కూడా.

గదిలో ముందుగా "ఆమెన్" అన్నది అమ్మ. గట్టిగా, సంతలో పిలిచినట్టు. తర్వాత అందరం కలిసి ప్రభువు ప్రార్థన చెప్పాం. మొదట్లో నా పెదవులు కదలడం కాస్త ఆలస్యమైంది. మధ్యలో కలిశాను.

వడ్డనల దగ్గర స్టీలు ఆయన బగారన్నం పళ్లెంతో నా పక్కకొచ్చాడు. "నాకు మీ పద్ధతులు తెలియవు గానీండీ, మొదటిసారి మీరు ఏదీ అమ్మకుండా మాట్లాడడం విన్నాను" అన్నాడు.

అందరూ పోయాక గిన్నెలు సర్దుతూ అమ్మను అడిగాను. "ఎట్లుండె?"

"చిన్నగ చేసినవ్. మీ నాయినైతే అర్ధగంట చేస్తుండె, కూర చల్లారిపోతుండె."

"మంచిగుండెనా, లేదా?"

"పొట్టోడివైనప్పుడు మేక కోసం చేసినవ్, గుర్తుందా? గట్లుండె." గరిటె నా చేతికిచ్చింది. "ఇది తోము."

శనివారం షట్టరు దించుతూ పక్కాయనకు రేపు తీయనని చెప్పాను.

"మళ్లీ నా జుట్టు పందెంలో పెట్టమంటారా?"

"వద్దండీ. నా మీద నాకే నమ్మకం లేదు."

ఆదివారం పోయాను. నాకు పూర్తిగా మారిపోయిన మనిషినని చెప్పుకునే ధైర్యం లేదు. ఆలస్యంగానే పోయాను, మగవాళ్ల వైపు చివరి బల్లలో కూర్చున్నాను. జేబులో ఫోను రెండుసార్లు వణికింది. ఆ వణుకు ఎన్ని లైనింగులో, ఎన్ని ఫాల్సో నా తొడకు తెలిసిపోయింది. ప్రసంగం చాలా నిదానంగా నడిచింది. అయ్యగారు మామూలుగా ఇంత మెల్లగా మాట్లాడతారని మర్చిపోయాను. మాటకూ మాటకూ మధ్య ఆయన ఆగుతారు. ఆగినప్పుడు ఏం చేస్తారో ఇన్నేళ్లూ నాకు తెలియదు. కళ్లు మూసుకుంటారు.

ఆడవాళ్ల వైపు ముందు వరసల నిండా తెల్లచీరలు, నా వంకాయ రంగు జాకెట్లు. మధ్యలో ఒక్క సిరాబుడ్డి నీలం, చంక కింద చిన్న అతుకు. నేను చెప్పినట్టే ఆమెదే వేరేగా కనిపిస్తోంది.

ఆరాధన అయ్యాక మెట్ల మీద, పగటి వెలుగులో, ఆడవాళ్లు టీచరమ్మ చుట్టూ మూగారు. "టీచరమ్మా, మీ జాకెట్టు రంగు వేరేగ ఉందేంది?"

ఆమె నా వైపు వేలు చూపించింది. "దుకాణపాయన ఆడున్నడు. అడుగుండ్రి."

అందరూ ఒక్కసారి తిరిగారు. వాళ్ల మధ్యలో అమ్మ కూడా ఉంది, నేనిచ్చిన వంకాయ రంగు వేసుకొని. నా నోట్లో జవాబులు వరసకట్టాయి: పాతది వెలిసింది, కంపెనీవాళ్లు మార్చారు, వెలుతురు అట్లుంది. ఏది తీసినా చెల్లుతుంది. అన్నీ నేను అంతకుముందు అమ్మినవే.

"ఆమెదే సరైన రంగు అక్కా" అన్నాను. "తప్పు నాది. ఎనిమిదేండ్ల నుంచి మీకు తప్పు ముక్క ఇస్తున్న. నాకు సుత ఈ వారమే తెలిసింది."

ఆడవాళ్లు ఒకరి జాకెట్టు ఒకరు చూసుకున్నారు. అప్పుడు ముందు నిలబడ్డ ఒకావిడ, నాకు తగ్గ గిరాకీ, అడగనే అడిగింది: "అయితే మాకందరికీ మార్చిస్తవా అన్నా?"

"మార్చిస్తా అక్కా. రేపు కార్డు పట్టుకొని నేనే పోయి తెస్తా. కుట్టుకూలి మాత్రం..."

అమ్మ నన్నే చూస్తోంది. అక్కడ ఆపేశాను.